లేని పిల్లల వాటా

అన్నాలు తిని, పళ్లేలు కడిగి బోర్లించాక, బడిలో బొంత పరిచేవాళ్లు. ఇరవై తొమ్మిది మంది తల్లుల పాత చీరల ముక్కలు కలిపి కుట్టిన ఒకే ఒక్క బొంత. పెద్ద గదిలో గోడ నుంచి గోడ దాకా వచ్చేది. పిల్లలు తలలు నడుమకూ కాళ్లు గోడలకూ పెట్టి, ఎవరి తల్లి చీర ముక్క మీద వాళ్లు పడుకునేవాళ్లు. గంగామణి టీచర్ అంచు మీద పడుకునేది. అంచు ఆమె చీరదే, వంకాయరంగుది.

కళ్లు మూతపడగానే గది మెల్లగా నీళ్లలోకి దిగేది. అందరికీ ఒకటే కల. మానేరు నది తలకిందులై ఇళ్ల కప్పుల మీదుగా పారుతుండేది. నీళ్ల అడుగున కాలనీ సాంచాలు, గుడ్డ నేసే మరమగ్గాలు, టకటకమని నడుస్తుండేవి. చేపలు నాడెల్లాగా వాటి మధ్య అటూ ఇటూ తిరిగేవి. నేసిన నీలం గుడ్డ మడతలు మడతలుగా ఒడ్డున పడుతుంటే పిల్లలు దాని మీద ఉత్త కాళ్లతో నడిచేవాళ్లు. ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. మాట్లాడాల్సిన పని ఉండేది కాదు.

ఆ కల ఏడేళ్ల లాస్యప్రియది. నెల కిందటి దాకా ఆ పిల్ల పేరు చెబితే కాలనీ తల్లులు తమ పిల్లల్ని దగ్గరికి లాక్కునేవాళ్లు.

లాస్య కొట్టేది. దాన్ని ముద్దుగా చెప్పడానికేం లేదు. పలకతో కొట్టేది, పళ్లెంతో కొట్టేది, ఏమీ దొరక్కపోతే కొరికేది. జూలైలో శ్రీవల్లి మోచేయి కొరికింది. ఆగస్టులో గంగామణి మణికట్టు గీరితే చీము పట్టింది. దసరా సెలవులు అయిన వెంటనే రుత్విక్ నుదురు పలక అంచుతో పగిలి నాలుగు కుట్లు పడ్డాయి. కొట్టాక బల్ల కిందికి దూరి, చెవులు రెండూ మూసుకుని, నోటితో టకటకటకమని చప్పుడు చేస్తూ కూర్చునేది. పిలిస్తే పలికేది కాదు. అసలే మాటలు తక్కువ, ఒక రోజులో పది వస్తే గొప్ప.

పిల్లలందరూ ఒకే బడిలో, ఒకే గదిలో కూర్చుని చదవాలని ఆర్డరు. మంచి ఆర్డరే. గంగామణి దాన్ని ఇప్పటికీ కాదనదు. కానీ ఆ ఆర్డరు రాసినవాళ్లు పిల్లను ఒక్కదాన్నే పంపారు. తోడు మనిషిని పంపలేదు. వారానికోసారి వస్తానన్న ప్రత్యేక టీచర్‌కు పద్దెనిమిది బడులు అంటగట్టారు. ఆయన జూన్ నుంచి రెండుసార్లు కనబడ్డాడు, రెండోసారి దారి తప్పి. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, రెండు గదులు, ఇద్దరు పంతుళ్లు. అందులో హెడ్‌మాస్టర్ పోచమల్లు సార్ వారంలో నాలుగు రోజులు మీటింగుల్లోనే. మిగిలింది గంగామణి ఒక్కతి. ఒక చేత్తో మూడో ఎక్కం రాస్తూ ఇంకో చేత్తో లాస్య నడుం పట్టుకునేది. కాగితం మీద రాసేవాడికి మనిషికి రెండే చేతులుంటాయని ఎందుకు గుర్తుండదో ఆమెకు అర్థమయ్యేది కాదు.

రుత్విక్‌కు కుట్లు పడ్డ రోజు వాడి నానమ్మ నర్సవ్వ బడి గేటు దగ్గర నిలబడింది. బీడీలు చుట్టే మనిషి. చేట చంకలోనే ఉంది, తునికాకు వాసనతో సహా వచ్చింది.

"ఏం పంతులమ్మా, నా మనుమడు సదువుకోను అస్తున్నడా, దెబ్బలు తినను అస్తున్నడా? ఆ పోరిని ఏడికన్న తోలుండ్రి."

లాస్య తల్లి పుష్ప అప్పుడే పరుగెత్తుకొచ్చింది. కండెలు చుట్టే పని మధ్యలో వదిలి వచ్చిందేమో, వేళ్లకు నూలు పోగులు అంటుకునే ఉన్నాయి. "ఏడికి తోల్తరవ్వా? అదేమన్న కుక్కపిల్లనా?"

"కుక్కపిల్ల అయితే కరిసినంక కట్టేస్తరు బిడ్డా. నీ పిల్లకు అది గూడ లేకపాయె."

పుష్ప నూలు పోగులు ఒక్కొక్కటే పీక్కుంటూ నిలబడింది.

ఇరవై రెండు ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టారు. బడి కమిటీ కూర్చుని తీర్మానం చేసింది: ముప్పై రోజులు చూస్తాం. ఈలోగా లాస్య ఇంకొక్కసారి ఎవరి మీద చేయి చేసుకున్నా జిల్లా కేంద్రంలో ప్రత్యేక పిల్లల హాస్టల్‌కు పంపాలి. అక్కడ చేరిస్తే తల్లిని ఏడాదికి రెండుసార్లు చూడనిస్తారట. పుష్ప తీర్మానం కింద వేలిముద్ర వేసింది. సంతకం వచ్చు ఆమెకు. ఆ కాగితం మీద పేరు రాయడానికి మనసొప్పలేదు.

గంగామణి ఆ సాయంత్రమే సుహాసినికి ఫోన్ చేసింది.

సుహాసిని ఆ కాలనీ పిల్లే. సాంచాలు నడిపే తండ్రికి నడిమి కూతురు, గంగామణి దగ్గర అక్షరాలు దిద్దింది. ఇప్పుడు హైదరాబాద్‌లో మెదడు మీద పరిశోధన చేసే ల్యాబులో పనిచేస్తోంది. మూడో రోజే దారపు కండెల సంచీతో, టిఫిన్ డబ్బా అంత పెట్టెతో దిగింది.

ఏం చేయబోతోందో మాటల్లో చెప్పలేదు. అన్నం గంజు దగ్గరికి పోయి ఒక స్టీలు పళ్లెం నిండా పొగలు కక్కే పప్పు పోయించి రుత్విక్ చేతికిచ్చింది. వాడు "అమ్మో" అని వదిలేయబోయాడు. "పక్కోళ్లకియ్యి, జల్ది!" అంది. పళ్లెం చేతులు మారుతూ ఇరవై తొమ్మిది మంది చుట్టూ తిరిగొచ్చింది. ఒక్క చుక్క ఒలకలేదు, ఎవరి చేయీ కాలలేదు.

"గదే టీచర్," అంది సుహాసిని. "లాస్యకు కోపం అనుకుంటున్నరు గని అది కోపం కాదు, వేడి. ఒక్కదాని చేతుల పెట్టి పట్టుకోమంటే ఏం చేస్తది? ఇసిరేస్తది. అది మనకు తాకుతది."

కండెల్లో ఉన్నది వెంట్రుక కంటే సన్నటి బూడిదరంగు దారం. మెడ వెనక చర్మాన్ని తాకితే చాలు, లోపలి గుబులును పట్టుకుంటుంది. పక్కన నిద్రపోయేవాళ్ల మెడలకు దాన్ని తలా ఇంత అందిస్తుంది. నిద్రలోనే పని జరుగుతుంది. మెలకువలో మనిషి తన తలుపులు తాను మూసుకుంటాడు. ఎంతమందికి పంచాలో ఆ పెట్టెకు చెప్పాలి, అంతే.

"ఎంతమంది పిల్లలు సార్?"

పోచమల్లు సార్ గొంతు సవరించుకున్నాడు. "నలభై ఒకటి."

"ఇక్కడ ఇరవై తొమ్మిది మందే ఉన్నరు గద."

"పెండ్లిళ్లు మేడం. మూఢం వస్తదని అందరు ఒక్కపారే పెట్టుకున్నరు. ఊర్లకు పోయిన్రు."

సుహాసిని గంగామణి వైపు చూసింది. చిన్నప్పుడు లెక్క తప్పా ఒప్పా అని చూసినట్టే చూసింది.

రిజిస్టర్లో నలభై ఒక్క పేర్లున్న మాట నిజం. నలభైకి తగ్గితే ఆ బడిని హైవే అవతలి బడిలో కలిపేస్తారు. ఆరేళ్ల పిల్లలు లారీల మధ్య రోడ్డు దాటి పోవాలి. అందుకని రెండేళ్ల కింద కాన్వెంట్‌కు వెళ్లిపోయిన పన్నెండు మంది పేర్లు అలాగే ఉంచారు. ఫోటో తీసి హాజరు వేసే మెషిన్ చెడిపోయి రెండేళ్లు దాటింది. బాగుచేయించాలన్న తొందర ఎవరికీ లేదు. రోజూ పొద్దున ఆ పన్నెండు మందికీ హాజరు వేసేది గంగామణే. నమ్మేట్టుండాలని అప్పుడప్పుడూ ఒకరికి జ్వరం తెప్పించేది. వేస్తూ వేస్తూ వాళ్ల మీద మమకారం కూడా పుట్టింది.

ఈ పిల్లకు నిజం చెబితే? సుహాసిని అబద్ధాలు దాచే రకం కాదు. దాని ల్యాబు కాగితాల్లో ఇరవై తొమ్మిది అని పడుతుంది, ఆ కాగితం ఎక్కడికో పోతుంది.

"నలభై ఒకటే రాసుకో బిడ్డా," అంది గంగామణి.

సుహాసిని పెట్టెలో నలభై ఒకటి నొక్కింది. తల్లులు ఇచ్చిన పాత చీరల ముక్కల్ని ఆ దారంతోనే బొంతగా కుట్టించింది. రావాల్సిన పన్నెండు మంది కోసం పన్నెండు దారాలు వదిలి, వాళ్లొచ్చినప్పుడు చీరలు కుట్టుకోవచ్చని, వాటి కొసలు వంకాయరంగు అంచులో ముడి వేసింది. ఆ ముడులు వేస్తుంటే గంగామణే దీపం పట్టినట్టు ఫోన్ లైటు పట్టుకుంది.

మొదటి వారం గడిచేసరికే లాస్య బల్ల కిందికి దూరడం మానేసింది. రెండో వారంలో శ్రీవల్లి పక్కన కూర్చుంది. శ్రీవల్లి చెక్కిన పెన్సిల్ ఇస్తే తీసుకుంది, తిరిగి కూడా ఇచ్చింది. పుష్ప గేటు బయట నిలబడి చూసి, ఎవరికీ కనబడకుండా వెళ్లిపోయేది.

వింత ఏమిటంటే మారింది లాస్య ఒక్కతే కాదు. ఆ బడి గంట పాత రైలు పట్టా ముక్క, వేపకొమ్మకు తీగతో వేలాడుతుంది. ఇనుపకడ్డీతో దాన్ని కొట్టేది పోచమల్లు సారే. బడిలో ఉన్న రోజు ఆ పనొక్కటి ఆయన ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఇప్పుడు ఆయన కడ్డీ పట్టుకుని వరండా దిగుతుంటేనే పిల్లలందరికీ భుజాలు ముడుచుకుపోయేవి. నుదుటి మీద కుట్ల మచ్చ ఇంకా ఎర్రగా ఉన్న రుత్విక్ ఉరికి పోయి లాస్య చెవులు మూసేవాడు. తనవి మూసుకోవడం మరిచిపోయేవాడు.

"ఎందుకురా?" అని అడిగింది గంగామణి.

"ఆ గంట తెల్లగుంటది టీచర్. పండ్లల్లకెళ్లి లోపలికొస్తది," అన్నాడు వాడు, నీళ్లు తడిగా ఉంటాయని చెప్పినంత మామూలుగా.

పళ్ల సందుల్లోంచి దిగే ఆ చప్పుడు గంగామణికీ తెలుసు. కలలో నది మీద ఎక్కడి నుంచో తెల్లటి ఇనుము పడేది. పడ్డచోట నీళ్లు గాజులాగా పగిలేవి. సాంచాల చప్పుడు మాత్రం లాస్యకు ఊయల. అది ఆగకుండా ఒకే తీరుగా సాగుతుంది, తర్వాత ఏమొస్తుందో ముందే తెలుస్తుంది. గంట అట్లా కాదు. చెప్పకుండా వస్తుంది. జూన్ నుంచీ ఆ పిల్ల కొట్టింది నిజానికి ఎవరినీ కాదు. ఆ తెల్లదాన్ని ఆపమని చేతికి అందినదాన్ని అడ్డం వేసింది.

గంగామణి వెళ్లి అడిగింది. "సార్, గంట బంద్ చేద్దాం."

"గంట లేకుంటే అది బడెట్లయితది టీచరమ్మా? సాంచాల షెడ్డు అయితది. తనిఖీకి ఎవరన్నొస్తే ఏం చెప్పాలె?"

గంట అలాగే ఉంది.

గంగామణికి మాత్రం మూడో వారం నుంచి కలలో ఇంకొకటి కనబడసాగింది. నీలం గుడ్డ మీద ఇరవై తొమ్మిది మంది నడుస్తుంటే, వెనక పన్నెండు మంది వరసగా నిలబడి ఉండేవాళ్లు. రెండేళ్ల కింద వెళ్లిపోయినప్పుడు ఎంత ఉన్నారో అంతే ఉన్నారు, ఒక్క అంగుళం పెరగలేదు. ఒక్కొక్కరి చేతిలో పొగలు కక్కే పళ్లెం. ఎవరికివ్వాలో తెలియక అటూ ఇటూ చూసేవాళ్లు. అందరికంటే చిన్నది, ముక్కు కారే మణిచందన, మెల్లగా వచ్చి, "టీచర్, దీన్ని ఏడ పెట్టాలె?" అని అడిగేది. గంగామణి ఒడి పట్టేది. ఒకరి తర్వాత ఒకరు పన్నెండు పళ్లేలూ ఆమె ఒళ్లో పెట్టేవాళ్లు.

లేచేసరికి చెమట. పళ్లు జివ్వుమనేవి.

ఇంట్లో కుక్కర్ కూత వేస్తే చేతిలో గరిటె ఉండేది కాదు. గోడకు తగిలి కింద పడి ఉండేది. ఎప్పుడు విసిరిందో తెలిసేది కాదు. జిరాక్స్ షాపు నడిపే భర్త లక్ష్మీరాజం గరిటె ఏరి కడిగి తెచ్చిచ్చాడు.

"నన్ను కొట్టబోయి తప్పిందా, లేకుంటే గోడనే కొట్టినవా? చెప్తే నేను జర పక్కకు కూసుంట."

ఆమె నవ్వబోయింది. కళ్లలోంచి నీళ్లొచ్చాయి. ఆయన నవ్వడం ఆపి కుక్కర్ కింద మంట ఆర్పేశాడు. ఆ రోజు నుంచి అన్నం గిన్నెలోనే వండాడు, అడగకుండానే.

ఇరవై మూడో రోజు సుహాసిని ఫోన్ చేసింది. పెట్టె పంపే గీతలు ల్యాబులో తెర మీద కనబడతాయి ఆమెకు.

"టీచర్, పన్నెండు దారాలల్ల ఊపిరి లేదు. అవి ఎవరి మెడకూ తాకుతలేవు. కానీ పెట్టె వాళ్ల వాటా కొలిచి పంపుతనే ఉన్నది. అది ఏడికి పోతున్నట్టు?"

"పిల్లలు ఇంక రాలేదు బిడ్డా. పెండ్లిళ్లు."

"నెల రోజుల పెండ్లిళ్లా? ఆ కొసలు మీ అంచులనే ముడేసిన నేను. మీ ఒంట్ల మంచిగుంటున్నదా టీచర్? నేనొచ్చి చూసేదాక బంద్ పెడదామా?"

గంగామణి లెక్కేసుకుంది. ఇంకా ఏడు రోజులు. బొంత ఆపితే లాస్య వేడి మళ్లీ లాస్య చేతుల్లోకే పోతుంది. ఏడు రోజుల్లో ఒక్క పలక చాలు.

"నాకేమైతది? గుండ్రాయిలెక్క ఉన్న. నువ్వు ఆ వారం దాటినంక రా," అంది.

ఇరవై ఎనిమిదో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది.

కాలనీలో సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. రోజంతా ఆ చప్పుడులో బతికే ఊరికి అది ఆగితేనే చెవులు గుయ్యిమంటాయి. బొంత మీద పిల్లలు నిద్రలో ఉన్నారు. కలలో నీళ్ల అడుగున సాంచాలు ఒక్కొక్కటే నిలిచిపోయాయి. చేపలు ఎక్కడివక్కడ ఆగాయి. నది పైన ఎందుకు నిలబడి ఉందో మరిచిపోయినట్టు కిందికి వంగసాగింది. లాస్య పిల్లల మధ్యలో నిలబడి నోటితో టకటకటకమని సాంచా నడపడానికి చూస్తోంది. ఒక్క నోరు సరిపోవడం లేదు. రుత్విక్ కలిశాడు, శ్రీవల్లి కలిసింది, ఇరవై తొమ్మిది నోళ్లూ టకటకమన్నాయి. నది ఆగింది. నిజంగానే ఆగింది.

కానీ వెనక ఆ పన్నెండు మందికి నోళ్లు లేవు. పళ్లేలు మాత్రం ఉన్నాయి. ఈసారి నిండుగా, అంచులు దాటి పొంగుతూ. మణిచందన ముందుకొచ్చింది. గంగామణి ఒడి పట్టింది. ఒకటి, రెండు, మూడు...

సరిగ్గా అప్పుడు పోచమల్లు సార్ గంట కొట్టాడు.

తెల్లటిది వచ్చి పళ్లలోంచి దిగింది. గంగామణి లేచి నిలబడింది. కళ్లు తెరిచే ఉన్నాయి గాని గది కనబడలేదు. ఆ చప్పుడును ఆపాలి. అంతకుమించి లోకంలో ఏ పనీ లేదు. చేతికి ఏదో చల్లగా తగిలింది. విసిరింది.

రుత్విక్ అప్పుడే లేచి లాస్య వైపు ఉరుకుతున్నాడు, చెవులు మూయడానికి. పలక వాడి చెవి తమ్మెను చీల్చుకుంటూ పోయింది.

రక్తం చూసి గంగామణికి మెలకువ వచ్చింది. కుడిచేతి వేళ్లకు సుద్దముక్క పొడి. అది తన చేయే. వాడి చెవికి కొంగు అదిమిపెట్టి ఎత్తుకునేసరికి పోచమల్లు సార్, వెనకే ఇద్దరు ముగ్గురు తల్లులు తోసుకుంటూ వచ్చారు.

"ఎవరు కొట్టిన్రు?" అని అరిచాడు సార్.

సగం నిద్రలో ఉన్న శ్రీవల్లి చేయి లేపింది. "నేనే సార్."

"నేనే," అన్నాడు ఐదో తరగతి అభినయ్.

"నేను సార్." "నేనే కొట్టిన." "నేను గూడ." ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. అబద్ధం ఆడటం లేదు వాళ్లు. ఆ విసురు అందరి భుజాల్లోంచీ పోయింది. రుత్విక్ కూడా టీచర్ చంకలోంచే, ఏడుస్తూ, "నేనే ఇసిరిన సార్," అన్నాడు.

చిట్టచివరికి లాస్య లేచింది. రోజుకు పది మాటల పిల్ల. తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుని, "లాసీ," అని తన పేరు చెప్పింది.

తల్లులు వినాలనుకున్నది ఆ ఒక్కటే. విన్నారు.

సాయంత్రం ఆఫీసు గదిలో పోచమల్లు సార్ తలుపు దగ్గరికి వేశాడు. పలక ఎవరి చేతి నుంచి వచ్చిందో వరండాలోంచి ఆయన చూశాడు.

"టీచరమ్మా, రెండ్రోజులల్ల కమిటీ. అందరు ఆ పిల్లనే అనుకుంటున్నరు. ఆ పిల్లనే ఒప్పుకున్నది. మనం ఏమనకుంటే అయిపోతది."

"అయిపోతది అంటే? అది పోతది."

"పోనియ్యి మరి! నువ్వు చెప్తే పిల్లగాన్ని కొట్టినందుకు నిన్ను సస్పెండ్ చేస్తరు. ఎందుకు కొట్టినవంటే బొంత సంగతి వస్తది. బొంత సంగతి వస్తే పన్నెండు మంది సంగతి వస్తది. బడే పోతది. ఒక్క పిల్ల కోసం ఇరవై ఎనిమిది మందిని లారీల కింద పెడ్తవా?"

ఆయన చెడ్డవాడు కాదు. అదే చిక్కు. ఇరవై ఏళ్లుగా ఆ బడిని కాపాడుతున్నది ఆ మనిషే, అబద్ధంతోనో దేంతోనో. గంగామణి రిజిస్టర్ తీసుకుని చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

కమిటీ రోజు జనం వరండా దాటి వేపచెట్టు కింద దాకా కూర్చున్నారు. పుష్ప లాస్యను ఒళ్లో పెట్టుకుని గోడవారకు ఒదిగింది. పక్కన ఒక సంచీ. అందులో పిల్ల బట్టలు మడతపెట్టి తెచ్చేసింది. అడిగేదాకా ఆగడం కూడా ఆమెకు చేతకాలేదు. ఆ సంచీ చూశాక గంగామణి లేచి నిలబడింది.

"పలక ఇసిరింది లాస్య కాదు. నేను."

ఎవరో నవ్వారు. "మీరు పిల్లను కాపాడబట్టిరి టీచరమ్మా," అంది ఒకామె.

"కాపాడితే ఇట్ల కాదు కాపాడేది," అంది గంగామణి. రిజిస్టర్ తెరిచి పన్నెండు పేర్లు ఒక్కొక్కటే చదివింది. "వీళ్లు ఎవరన్న ఉన్నరా ఈడ? లేరు. మీ అందరికి ఎరుకే. బడి పోవద్దని నేను రాసిన, మీరు ఊకున్నరు. పెట్టెకు గూడ నలభై ఒకటే అని చెప్పిన. లేనోళ్ల వాటా నా మీద పడ్డది. ఒక్క నెల మోస్తేనే నా చేయి లేచింది. నలభై నాలుగేండ్ల దాన్ని, ఇరవై ఏండ్ల నుంచి పంతులమ్మను. ఈ పిల్ల ఏడేండ్లది. దాని వంతు, నా వంతు, మీ అందరి వంతు అది పుట్టినకాంచి ఒక్కతే మోస్తున్నది. ఇగ తోలుండ్రి దాన్ని. తోలేటట్టయితే ముందు నన్ను తోలుండ్రి."

ఎర్ర పెన్ను తీసి పన్నెండు పేర్లూ అందరి ముందే కొట్టేసింది. పోచమల్లు సార్ కళ్లు మూసుకున్నాడు.

కరెంటు ఉంది, సాంచాలు నడుస్తున్నాయి. చివరికి నర్సవ్వ బీడీల చేట పక్కన పెట్టి లేచింది. అందరూ ఇప్పుడు తిట్లు మొదలవుతాయనుకున్నారు.

"నా మనుమని చెవు కోసినవ్. రేపు నీ సంగతి సూత్త పంతులమ్మా, ఇడిసిపెట్ట," అంది. "గని వాడు రెండు రోజులసంది ఒక్కటే పాట. లాసీని పంపియ్యొద్దు, గంట బంద్ చెయ్యమనవ్వా అని. ఈ బొంతల ఏముందో నాక్కూడ సూపెట్టు. ఏదీ, పరువుండ్రి."

"అవ్వా, పెద్దోళ్లకు ఎట్లయితదో ఏమో..." అన్నాడు సార్.

"నువ్ నోరు మూస్కో సారూ. అరవై ఏండ్ల సంది బీడీలు సుట్టిన పాణం ఇది. బొంత మీద పంటే సత్తదా?"

ఆ పన్నెండు దారాల సంగతి తేల్చుకోవడానికి బస్సు దిగి వచ్చిన సుహాసిని ఇదంతా వింటూనే ఉంది. గంగామణి వైపు చూడకుండా పెట్టెలో నలభై ఒకటి చెరిపేసింది. పిల్లలు ఇరవై తొమ్మిది, టీచర్ ఒకటి, అవ్వ ఒకటి. ముప్పై ఒకటి నొక్కింది. అంచు ముడులు విప్పి పన్నెండు దారాలూ విడిగా బయటికి లాగింది. అందులో ఒకటి నర్సవ్వ మెడ కింద పెట్టింది.

"సెక్కిలిగిలి అయితున్నది," అంది నర్సవ్వ. పిల్లలు కిలకిల నవ్వారు. ఆ నవ్వుతోనే నిద్రలోకి జారుకున్నారు. కాసేపటికి నర్సవ్వ గురక కూడా సాంచాల తాళంలో పడింది.

కలలో పైన నది పారుతోంది. ఈసారి నీలం గుడ్డ మీద నడిచే పిల్లల మధ్య ఒక ముసలి మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఎక్కడ జారిపడుతుందోనని అడుగులో అడుగు వేస్తూ నడుస్తోంది. లాస్య వచ్చి ఆమె వేలు పట్టుకుంది. గంగామణి వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. ఒడ్డున పన్నెండు పళ్లేలు కడిగి బోర్లించి ఉన్నాయి.

పోచమల్లు సార్ అలవాటు కొద్దీ టైము చూసుకుని వెళ్లి గంట కొట్టాడు. కమిటీ కూర్చున్నా, పిడుగు పడ్డా ఆ పని ఆయన తప్పడు.

నర్సవ్వ కెవ్వుమని లేచింది. రెండు చేతులూ చెవుల మీద. ముఖం పాలిపోయింది. కాసేపు అలాగే ఊగుతూ కూర్చుంది. తర్వాత లేచి, ఎవరు పిలిచినా పలక్కుండా వేపచెట్టు దగ్గరికి పోయింది. రైలు పట్టా ముక్కను రెండు చేతులా వాటేసుకుని తీగ మెలిక విప్పింది. బరువుకు వంగిపోతున్నా ఎవరినీ పట్టనివ్వలేదు. మోసుకొచ్చి సార్ కాళ్ల ముందు దించింది.

"గిది... దినాం దాని పండ్లల్ల కొడ్తున్నవా సారూ?"

ఆయన కడ్డీ ఎక్కడ దాచాలో తెలియక నిలబడ్డాడు.

నర్సవ్వ పుష్ప దగ్గరికి పోయి బట్టల సంచీ తీసి ఆమె ఒళ్లో పెట్టింది. "ఇంటికి కొంచపో. ఆ గౌనుకు గుండీ ఊసింది, కుట్టియ్యి. రేపు బడికి తోలు." తప్పయిందని చెప్పే అలవాటు ఆ మనిషికి లేదు.

నాలుగు రోజులకు గంగామణికి మెమో వచ్చింది. విచారణ ఉంటుందట. బడిని కలిపేసే ఫైలు కూడా కదిలింది. ఇరవై తొమ్మిది అన్న అంకె చూడగానే జిల్లా విద్యాశాఖ ఆఫీసుకు ఎక్కడలేని చురుకూ వచ్చింది. తోడు టీచర్ కావాలని కమిటీ రాసిన కాగితానికి మాత్రం జవాబు లేదు. కాలనీ వాళ్లు సోమవారం కలెక్టరాఫీసు ముందు కూర్చుంటామంటున్నారు. బొంత కూడా పట్టుకుపోదామని, అక్కడే పరిచి సార్లను పడుకోమందామని నర్సవ్వ ఆలోచన. ఏమవుతుందో తెలియదు. బడి ఉంటుందో, టీచర్ ఉంటుందో తెలియదు.

ఆ శనివారం మధ్యాహ్నం బొంత పరిచాక గంగామణి రిజిస్టర్ తెరిచింది. వాకిట్లో చెప్పుల చప్పుడయింది. నర్సవ్వ వచ్చింది, చంకలో ఆకుపచ్చ పాత చీర మడత. కూర్చుని, నోట్లో పెట్టుకున్న సూది తీసి, అంచు దగ్గర వేలాడుతున్న దారాల్లో ఒకదానికి చీర ముక్క ఒడుపుగా కుట్టేసింది. లాస్య పక్కన చేరి నోటితో టకటకటకమంటూ ఆమె సూదికి తాళం వేసింది.

గంగామణి ఇరవై తొమ్మిది పేర్లు పిలిచింది. కొట్టేసిన ఎర్ర గీతల కింద కొత్తగా ఒక పేరు రాసి, తలెత్తకుండానే పిలిచింది.

"నర్సవ్వ."

"ఉన్న టీచరమ్మా. ఉండక ఏడికి పోత?"

పక్కన ఇంకా పదకొండు దారాలు వేలాడుతున్నాయి.